దీర్ఘకాలిక వ్యాధుల ముప్పు తగ్గాలంటే ఏ ఆహారశైలిని ఎంచుకోవాలి?

ఆహారం మార్చుకుని గుండెజబ్బు, మధుమేహం, పక్షవాతం వంటి వ్యాధులను దూరంగా ఉంచుకోవాలని నిశ్చయించుకున్నవారికి ఈనాడు మార్గాల కొరత లేదు; వాటిలో తమకు తగినది ఏదో తేల్చుకోవడమే కష్టం. మధ్యధరా సముద్రతీర దేశాల సంప్రదాయ భోజనాన్ని అనుసరించే మధ్యధరా ఆహారశైలి, రక్తపోటు తగ్గించడం కోసం రూపొందిన డ్యాష్ పద్ధతి, కొవ్వు తగ్గించే ఆహారం, పిండిపదార్థాలు తగ్గించే ఆహారం, మాంసం మానివేసే పద్ధతులు, రోజులో కొన్ని గంటల్లోనే భోజనాలు ముగించే పద్ధతి అన్నవి ప్రధానంగా వినిపించే పేర్లు. వీటిలో ప్రతిదానివల్లా మేలు పొందామని చెప్పేవారు ఉన్నారు, ప్రతిదానికీ కొంత శాస్త్రీయ ఆధారం కూడా ఉంది. అయితే ఆ ఆధారాలన్నీ ఒకే బలం కలవి కావు, ఒకే వ్యాధికి సంబంధించినవీ కావు. ఒకటి రక్తపోటు విషయంలో గట్టిగా నిలిచింది, మరొకటి గుండెపోటు, పక్షవాతాల నివారణలో నిలిచింది, ఇంకొకటి బరువు తగ్గించడం వరకే పరీక్షకు నిలిచింది.

అందువల్ల ఈ పోలికలో నేను రెండు ప్రశ్నలను కొలమానంగా పెట్టుకున్నాను. మనం మానివేసిన పదార్థం స్థానంలోకి ఏది వచ్చి చేరుతున్నది అన్నది మొదటి ప్రశ్న. మనకు రాగల వ్యాధి ఏదో, ఆ వ్యాధి విషయంలో ఈ పద్ధతిని ఎవరైనా పరీక్షించి చూశారా అన్నది రెండవ ప్రశ్న. ఈ రెండింటికీ జవాబు ఆహారశైలి పేరులో దొరకదు; ఒకే పేరు కింద ఆరోగ్యకరమైన పళ్లెమూ ఉండవచ్చు, అనారోగ్యకరమైన పళ్లెమూ ఉండవచ్చు.

ముందుగా మీ అంకెలు

ఎంపికకు కూర్చునే ముందు కొన్ని పరీక్షా ఫలితాలు చేతిలో ఉండాలి. రక్తపోటు, రక్తనాళాల్లో పేరుకుని గుండెకు ముప్పు తెచ్చే ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్, గత రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ, నడుము చుట్టుకొలత, మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ అన్నవి వాటిలో ముఖ్యమైనవి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 శాతం వరకు ఉంటే దానిని మధుమేహానికి ముందు దశగానూ, 6.5 శాతం లేదా అంతకు మించితే మధుమేహంగానూ పరిగణిస్తారు. తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఎవరికి ఏ వయసులో ఏ వ్యాధి వచ్చిందో కూడా రాసిపెట్టుకోవాలి. నలభై అయిదేళ్లకే గుండెపోటు వచ్చిన తండ్రి ఉన్న మనిషి, డెబ్బై ఏళ్లకు మధుమేహం వచ్చిన తల్లి ఉన్న మనిషి ఒకే ఆహారశైలిని ఒకే కారణంతో ఎంచుకోవలసిన అవసరం లేదు.

ఆధారాలను తూచే పద్ధతి

పోషకాహారంపై జరిగే పరిశోధనలు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకంలో వేలాదిమంది ఏమి తింటున్నారో అడిగి నమోదు చేసుకుని, ఏళ్ల తరబడి వారికి ఏయే వ్యాధులు వస్తున్నాయో గమనిస్తారు. ఆన్సెల్ కీస్ నాయకత్వంలో 1958లో మొదలై ఏడు దేశాల్లో సాగిన అధ్యయనం ఈ కోవకు చెందినదే. వెన్న వంటివాటిలో ఉండే సంతృప్త కొవ్వుకూ, రక్తంలోని కొలెస్ట్రాల్‌కూ, గుండెజబ్బుకూ ఉన్న సంబంధం అందరి దృష్టికి రావడంలో దాని పాత్ర పెద్దది. ఇటువంటి అధ్యయనాలు విలువైనవే గాని, కూరగాయలు ఎక్కువగా తినేవారు తరచుగా పొగ తాగనివారూ, నడక అలవాటు ఉన్నవారూ, వైద్యపరీక్షలు క్రమంగా చేయించుకునేవారూ అయి ఉంటారు కనుక, వారికి కలిగిన మేలులో కూరగాయల వాటా ఎంతో విడదీసి చెప్పడం సులభం కాదు. రెండవ రకం యాదృచ్ఛిక ప్రయోగం. ఇందులో పాల్గొనేవారిని చీటీలు వేసినట్టుగా రెండు మూడు బృందాలుగా విడదీసి, ఒక్కో బృందానికి ఒక్కో ఆహారం ఇచ్చి ఫలితాలను పోల్చుతారు. ఖర్చు ఎక్కువ, కాలం ఎక్కువ పడుతుంది, అయినా కారణాన్ని తేల్చగలిగేది ఇదే.

ఈ రెండింటి తేడా ఎంత ముఖ్యమో బీటా కెరోటిన్ ఉదంతం చూపించింది. బీటా కెరోటిన్ ఉన్న కూరగాయలు, పండ్లు ఎక్కువగా తినేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని పరిశీలన అధ్యయనాలు పదేపదే చెప్పాయి. దానిని మాత్రల రూపంలో ఇస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఫిన్లాండ్‌లో పొగతాగే పురుషులు 29,133 మందిపై ప్రయోగం చేశారు. 1994లో వెలువడిన ఫలితం ప్రకారం మాత్రలు వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది. పోషకాన్ని ఆహారం నుంచి విడదీసి గుళికలో నింపితే అదే మేలు వస్తుందని అనుకోకూడదన్న పాఠం ఇక్కడ ఉంది. లోపం ఉన్నట్టు పరీక్షలో తేలినవారికీ, గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ ఆమ్లం వంటి నిర్దిష్ట అవసరాలకూ మాత్రలు తప్పనిసరే. మంచి ఆహారానికి ప్రత్యామ్నాయంగా మాత్రం అవి పనికిరావు.

మధ్యధరా శైలి, డ్యాష్ పద్ధతి

ఈ రెండింటి పళ్లేలు చూడడానికి చాలావరకు ఒకేలా ఉంటాయి. రెండింటిలోనూ కూరగాయలు, పండ్లు, ముడి ధాన్యాలు, పప్పుధాన్యాలు, గింజలు ఎక్కువ. ఎర్రమాంసం, మిఠాయిలు, తీపి పానీయాలు తక్కువ. మధ్యధరా శైలిలో ఆలివ్ నూనె ధారాళంగా వాడతారు, చేపలకు ప్రాధాన్యం ఇస్తారు, మొత్తం కొవ్వుపై పరిమితి పెట్టరు. డ్యాష్ పద్ధతిలో వెన్న తీసిన పాలు, పెరుగు ముఖ్యమైనవి, మొత్తం కొవ్వూ సంతృప్త కొవ్వూ తక్కువగా ఉంటాయి, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం సమృద్ధిగా అందేలా చూస్తారు. అసలు తేడా వాటిని పరీక్షించిన తీరులో ఉంది.

డ్యాష్ ప్రయోగ ఫలితాలు 1997లో వెలువడ్డాయి. 459 మందికి ఎనిమిది వారాలపాటు భోజనమంతా పరిశోధకులే సమకూర్చారు. ఎవరి బరువూ మారకుండా చూశారు, ఉప్పు అన్ని బృందాలకూ ఒకే స్థాయిలో ఉంచారు. అయినప్పటికీ సాధారణ ఆహారం తిన్నవారితో పోల్చితే డ్యాష్ ఆహారం తిన్నవారి రక్తపోటులో పై అంకె సగటున 5.5 మిల్లీమీటర్లు తగ్గింది; అప్పటికే అధిక రక్తపోటు ఉన్నవారిలో ఆ తగ్గుదల 11.4 మిల్లీమీటర్లు. ఒక మందుబిళ్ల ఇచ్చే ఫలితానికి ఇది ఇంచుమించు సమానం, పైగా రెండు వారాల్లోనే కనిపించింది. ఉప్పును కూడా తగ్గిస్తే మేలు ఇంకా పెరుగుతుందని 2001లో వచ్చిన మరో ప్రయోగం నిరూపించింది. బరువు తగ్గకుండా, ఉప్పు మారకుండా, ఆహారం కూర్పు ఒక్కటే మారితే రక్తపోటు ఇంత తగ్గడం నా దృష్టిలో పోషకాహార శాస్త్రం సాధించిన అత్యంత స్పష్టమైన ఫలితాల్లో ఒకటి. కాని ఆ ప్రయోగాలు ప్రధానంగా కొలిచింది రక్తపోటునే; గుండెపోటులూ పక్షవాతాలూ ఎంత తగ్గాయో లెక్కించేటంత కాలం అవి సాగలేదు.

మధ్యధరా శైలికి ఉన్న ఆధిక్యం ఇక్కడే. స్పెయిన్‌లో జరిగిన ప్రెడిమెడ్ ప్రయోగంలో గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నా అప్పటికింకా జబ్బు రాని 7,447 మంది పాల్గొన్నారు. ఒక బృందానికి ఆలివ్ నూనెతో, మరో బృందానికి రోజుకు 30 గ్రాముల అక్రోటు, బాదం, హేజెల్‌నట్ గింజలతో మధ్యధరా ఆహారం సూచించారు. మూడవ బృందానికి కొవ్వు తగ్గించుకొమ్మని చెప్పారు. సుమారు అయిదేళ్ల తరువాత చూస్తే గుండెపోటు, పక్షవాతం, హృద్రోగ మరణం కలిపి మూడవ బృందంలో 4.4 శాతం మందికి, ఆలివ్ నూనె బృందంలో 3.8 శాతం మందికి, గింజల బృందంలో 3.4 శాతం మందికి సంభవించాయి. 2013లో అచ్చయిన ఈ అధ్యయనంలో కొందరిని బృందాలకు కేటాయించిన తీరు సరిగా యాదృచ్ఛికంగా లేదని తేలడంతో పరిశోధకులు దానిని వెనక్కి తీసుకుని, లెక్కలు మళ్లీ కట్టి 2018లో తిరిగి ప్రచురించారు. ముగింపు పెద్దగా మారలేదు. స్పెయిన్‌లోనే, అప్పటికే గుండెజబ్బు ఉన్న 1,002 మందిని ఏడేళ్లు పరిశీలించి 2022లో ప్రకటించిన కోర్డియోప్రెవ్ ప్రయోగం కూడా కొవ్వు తగ్గించే ఆహారం కంటే మధ్యధరా ఆహారమే మేలైనదని చూపింది.

పై అంకెలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఎవరిని ఎంతకాలం పరిశీలించారన్నదీ, బృందాల మధ్య ఉన్న ఇతర తేడాలూ లెక్కలోకి తీసుకుంటే ముప్పు సుమారు 30 శాతం తగ్గిందని పత్రికలు రాసిన మాట నిజమే. నూరుమందిలో అయిదేళ్లకు సుమారు ఒకరికే తేడా కలిగిందన్న మాట కూడా అంతే నిజం. రెండూ ఒకే ఫలితాన్ని చెప్పే రెండు తీరులు. మీకు ముప్పు ఇప్పటికే ఎక్కువగా ఉంటే ఆ 30 శాతం పెద్ద మేలవుతుంది. ముప్పు తక్కువగా ఉన్న యువకుడికి అయిదేళ్లలో తేడా తెలియకపోవచ్చు, కాని ముప్పై ఏళ్లలో అది కూడుకుంటూ పోతుంది.

మరొక్క మాట. మధ్యధరా శైలి వర్ణనల్లో వైన్ ప్రస్తావన ఉన్నదని మద్యం అలవాటు లేనివారు దానిని మొదలుపెట్టవలసిన పని లేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మద్యాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో 1988లోనే చేర్చింది.

కొవ్వు తగ్గించడమా, పిండిపదార్థాలు తగ్గించడమా

ఈ వివాదం దశాబ్దాలుగా సాగుతున్నది, దీనిపై ఆవేశం కూడా ఎక్కువే. తక్కువ కొవ్వు పక్షాన జరిగిన అతి పెద్ద ప్రయోగం అమెరికాలో రుతుస్రావం ఆగిన 48,835 మంది స్త్రీలపై సుమారు ఎనిమిదేళ్లు సాగింది. కేలరీల్లో కొవ్వు వాటాను 20 శాతానికి తగ్గించి, పండ్లు, కూరగాయలు, ధాన్యాలు పెంచడం లక్ష్యం. 2006లో వెలువడిన ఫలితాల్లో రొమ్ము క్యాన్సర్, పెద్దపేగు క్యాన్సర్, గుండెజబ్బు ఏదీ చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ఇందుకు రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, చాలామంది ఆ లక్ష్యాన్ని చేరలేకపోయారు. మొదటి ఏడాది కొవ్వు వాటా 24 శాతం దగ్గరికి దిగినా ఆరో ఏటికి 29 శాతం దగ్గరికి పెరిగింది. రెండవది, మరింత ముఖ్యమైనది, అన్ని కొవ్వులనూ ఒకే గాటన కట్టి తగ్గించమనడం. వెన్నలోని సంతృప్త కొవ్వు ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది; గింజల్లోని, ద్రవరూప నూనెల్లోని అసంతృప్త కొవ్వు దాని స్థానంలోకి వస్తే ఎల్‌డీఎల్ తగ్గుతుంది. వెన్న మానివేసిన మనిషి ఆ కేలరీలను మైదాతోనూ చక్కెరతోనూ భర్తీ చేసుకుంటే గుండెకు దక్కే మేలు దాదాపు ఏమీ ఉండదు. అదే మనిషి ఆ స్థానంలో గింజలూ పప్పులూ తింటే మేలు ఉంటుంది. రెండు సందర్భాల్లోనూ అతడు మానివేసినది ఒకటే.

పిండిపదార్థాలు తగ్గించే పద్ధతికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. అమెరికాలో 15,428 మందిని పాతికేళ్ల పాటు గమనించి 2018లో ప్రకటించిన అధ్యయనంలో, తగ్గించిన పిండిపదార్థాల స్థానంలో మాంసంలోని కొవ్వునూ మాంసకృత్తులనూ చేర్చుకున్నవారిలో మరణాలు ఎక్కువగానూ, పప్పులూ గింజలూ చేర్చుకున్నవారిలో తక్కువగానూ కనిపించాయి. ఇది పరిశీలన అధ్యయనం కనుక దీనినే తుది తీర్పుగా తీసుకోనక్కరలేదు. అయినా ఎల్‌డీఎల్‌పై జరిగిన ప్రయోగాలు చెబుతున్నదానికి ఇది అనుగుణంగానే ఉంది. పిండిపదార్థాలు బాగా తగ్గించి సంతృప్త కొవ్వు విపరీతంగా తినేవారిలో కొందరికి ఎల్‌డీఎల్ గణనీయంగా పెరుగుతుంది. బరువు తగ్గింది, చక్కెర అదుపులో ఉంది అన్న తృప్తిలో ఆ ఒక్క అంకెను చూడకుండా వదిలివేయడం ప్రమాదకరం.

బరువు విషయంలో మాత్రం రెండు పక్షాలూ సమానమేనని చెప్పవచ్చు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 609 మందిపై జరిగి 2018లో ప్రచురితమైన డైట్‌ఫిట్స్ ప్రయోగంలో ఏడాది చివరికి తక్కువ కొవ్వు బృందం సగటున 5.3 కిలోలు, తక్కువ పిండిపదార్థాల బృందం 6 కిలోలు తగ్గాయి. ఆ తేడా లెక్కలోకి వచ్చేటంతది కాదు. జన్యువులను బట్టి గాని, ఇన్సులిన్ స్రవించే తీరును బట్టి గాని ఎవరికి ఏది నప్పుతుందో ముందుగా చెప్పడం కూడా సాధ్యపడలేదు. అందువల్ల జన్యుపరీక్ష చేసి మీకు సరిపోయే ఆహారం చెబుతామనే ప్రకటనలను నమ్మి డబ్బు ఖర్చు చేయవలసిన అవసరం నాకు కనిపించదు. రెండు బృందాలకూ చక్కెర, శుద్ధి చేసిన పిండి తగ్గించి కూరగాయలు పెంచమనే చెప్పారన్నది ఈ ప్రయోగంలో గమనించవలసిన అంశం. బహుశా ఇద్దరికీ మేలు చేసింది ఆ ఉమ్మడి సలహానే.

మధుమేహం ఉన్నవారికి పిండిపదార్థాలు తగ్గించడం వల్ల మొదటి నెలల్లో రక్తంలోని చక్కెర బాగా దిగుతుందన్నది వాస్తవం, దానిని కాదనడం న్యాయం కాదు. కాని మధుమేహం రాకుండా ఆపడంలోనూ, వచ్చినదానిని వెనక్కి తిప్పడంలోనూ బలమైన ఆధారం బరువు తగ్గడానికే ఉంది. అమెరికాలో 3,234 మందిపై జరిగి 2002లో ఫలితాలు వెలువడిన మధుమేహ నివారణ ప్రయోగంలో, శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో మధుమేహం 58 శాతం తక్కువగా వచ్చింది. మెట్‌ఫార్మిన్ అనే మధుమేహ మందు వాడినవారిలో ఆ తగ్గుదల 31 శాతం. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ ప్రయోగంలో, మధుమేహం వచ్చి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ వాడనివారికి కొన్ని నెలలపాటు రోజుకు సుమారు 850 కేలరీల ప్రత్యేక ఆహారం ఇస్తే, ఏడాది తరువాత 46 శాతం మంది మందులు లేకుండానే మధుమేహ పరిధి నుంచి బయటపడ్డారు. ఆ కఠిన ఆహారం వైద్యుల పర్యవేక్షణలో జరిగిందని మరచిపోకూడదు.

శాకాహారం, పూర్తి వృక్షాహారం

మాంసం మానివేయాలనుకునేవారిని ఆరోగ్యం కంటే నైతిక కారణాలు నడిపించవచ్చు, అది గౌరవించవలసిన విషయం. ఆరోగ్యం వరకే చూస్తే, అమెరికాలో రెండు లక్షల మందికి పైగా ఆరోగ్య వృత్తుల్లోని వారిని గమనించి 2017లో ప్రచురించిన విశ్లేషణ చాలా విలువైనది. ముడి ధాన్యాలు, పండ్లు, కూరగాయలు, గింజలు, పప్పులతో కూడిన వృక్షాహారం తినేవారిలో గుండెజబ్బు ముప్పు 25 శాతం తక్కువగా ఉండగా, తీపి పానీయాలు, శుద్ధి చేసిన ధాన్యాలు, మిఠాయిలతో కూడిన వృక్షాహారం తినేవారిలో 32 శాతం ఎక్కువగా ఉంది. వృక్షాహారం అన్న ఒకే పేరు కింద ఎంత దూరపు ఫలితాలు ఉన్నాయో ఇంతకంటే స్పష్టంగా చెప్పడం కష్టం.

బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు సుమారు 48,000 మందిని పద్దెనిమిదేళ్లు గమనించి 2019లో ప్రకటించిన ఫలితాల్లో శాకాహారులకు గుండెజబ్బు ప్రతి వెయ్యిమందిలో పదేళ్లకు పది చొప్పున తక్కువగా, పక్షవాతం మూడు చొప్పున ఎక్కువగా కనిపించాయి. మొత్తం మీద మొగ్గు మేలువైపే ఉన్నా, మాంసం మానివేయడం సకల రోగ నివారిణి కాదని ఇది చెబుతున్నది. పాలు, గుడ్లు సైతం మానేసే వీగన్లకు బి12 విటమిన్ మాత్రలో గాని, ఆ విటమిన్ కలిపిన ఆహారంలో గాని తప్పనిసరిగా అందాలి. నమ్మదగిన వృక్ష ఆధారం దానికి లేదు. కాలేయంలో నిల్వలు ఉండడం వల్ల లోపం కొన్నేళ్ల వరకు బయటపడకపోవచ్చు, బయటపడేనాటికి నరాలకు హాని జరిగి ఉండవచ్చు. కాల్షియం, ఇనుము, అయోడిన్, ఒమేగా 3 కొవ్వుల విషయంలోనూ శ్రద్ధ అవసరం. వీగన్లలో ఎముకలు విరగడం ఎక్కువని అదే ఆక్స్‌ఫర్డ్ బృందం 2020లో తెలిపింది.

ఎర్రమాంసం పూర్తిగా మానలేనివారు కనీసం ఉప్పు, నైట్రైట్ వంటివి కలిపి నిల్వ చేసిన మాంసాన్నయినా వదలాలని నా గట్టి అభిప్రాయం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో దానిని క్యాన్సర్ కారకంగా నిర్ధారించింది. రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని అంచనా వేసింది.

కొలెస్ట్రాల్ మాత్రమే సమస్య అయితే

టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం రూపొందించిన పోర్ట్‌ఫోలియో పద్ధతి గురించి తక్కువమందికి తెలుసు. ఓట్స్, బార్లీ వంటివాటిలోని జిగురు పీచు, సోయా మాంసకృత్తులు, బాదం, మొక్కల్లో సహజంగా ఉండి కొలెస్ట్రాల్‌ను తగ్గించే వృక్ష స్టెరాల్స్ అనే నాలుగింటిని ఒకేసారి ఆహారంలో చేర్చడం దీని విధానం. 2003లో ప్రకటించిన ప్రయోగంలో భోజనం సమకూర్చి నెలరోజులు తినిపిస్తే ఎల్‌డీఎల్ సుమారు 29 శాతం తగ్గింది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు వాడినవారిలో అది 31 శాతం. భోజనం ఇవ్వకుండా సలహా మాత్రమే ఇచ్చి చూసిన 2011 నాటి ప్రయోగంలో ఆరు నెలలకు తగ్గుదల 13 శాతం దగ్గర ఆగింది. మంచి ఫలితమే అయినా, ప్రయోగశాల అంకెలకూ ఇంటి వంటగదికీ ఉండే దూరం ఇక్కడ కనిపిస్తున్నది. ఇప్పటికే గుండెపోటు వచ్చినవారు ఈ అంకెలు చూసి స్టాటిన్ ఆపివేయకూడదు. ఆహారాన్ని మందుకు తోడుగా వాడుకోవాలి.

ఎప్పుడు తినాలి అన్న ప్రశ్న

రోజులో ఎనిమిది గంటల్లోనే భోజనాలు ముగించే పద్ధతి గురించి చెప్పవలసినది కొద్దిగానే ఉంది. చైనాలో స్థూలకాయులైన 139 మందిపై ఏడాదిపాటు జరిగి 2022లో ప్రచురితమైన ప్రయోగంలో, కేలరీలు తగ్గించుకున్న రెండు బృందాల్లో గంటల నియమం పాటించినవారు 8 కిలోలు, పాటించనివారు 6.3 కిలోలు తగ్గారు. ఆ తేడాకు గణాంకపరంగా ప్రాధాన్యం లేదు. రాత్రి పొద్దుపోయాక చిరుతిళ్లు తినే అలవాటును మాన్పించుకోవడానికి ఇది సులభమైన నియమంగా ఉపయోగపడవచ్చు. ఇన్సులిన్ వాడేవారు, గర్భిణులు, తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలు ఉన్నవారు దీని జోలికి పోరాదు.

అన్ని పద్ధతులకూ ఉమ్మడిగా ఉన్న రెండు విషయాలు

ఏ పద్ధతి ఎంచుకున్నా కర్మాగారంలో బహుళ పదార్థాలతో తయారై పొట్లాల్లో వచ్చే ఆహారాన్ని తగ్గించాలి. కెవిన్ హాల్ బృందం అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో 20 మందిని ఉంచి చేసిన ప్రయోగం 2019లో వెలువడింది. చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సమానంగా ఉండేలా రెండు రకాల భోజనాలు ఎదుట పెట్టి కావలసినంత తినమన్నారు. పొట్లాల ఆహారం తిన్న రెండు వారాల్లో వారు రోజుకు సుమారు 500 కేలరీలు అదనంగా తిని దాదాపు కిలో బరువు పెరిగారు. ఇంటి వంటను పోలిన ఆహారం తిన్న రెండు వారాల్లో అంతే బరువు తగ్గారు. చిన్న ప్రయోగమే అయినా, ఆకలిని అదుపు చేసుకోలేకపోవడం మనోబలం లేకపోవడమేనని తమను తాము నిందించుకునేవారు దీనిని తప్పక తెలుసుకోవాలి. వారి ముందున్న ఆహారానికీ ఇందులో బాధ్యత ఉంది.

రెండవ విషయం ఉప్పు. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. చైనాలోని 600 గ్రామాల్లో పక్షవాతం వచ్చినవారు, లేదా అరవై దాటి రక్తపోటు ఉన్నవారు 20,995 మందిపై జరిగి 2021లో ప్రకటించిన ప్రయోగంలో, మామూలు ఉప్పులో నాలుగో వంతు బదులు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు వాడితే పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. మానినదాని స్థానంలోకి ఏది రావాలన్న ప్రశ్నకు ఇంత చిన్న మార్పుతో ఇంత పెద్ద జవాబు మరెక్కడా దొరకదు. అయితే మూత్రపిండాలు దెబ్బతిన్నవారికీ, శరీరంలో పొటాషియం నిలిపే రక్తపోటు మందులు వాడేవారికీ ఈ ఉప్పు ప్రాణాపాయం తేవచ్చు.

ఎవరికి ఏది

రక్తపోటు ఒక్కటే ఎక్కువగా ఉన్నవారికి ఉప్పు తగ్గించిన డ్యాష్ పద్ధతిని మొదట సూచిస్తాను, మూత్రపిండాలు సరిగా ఉన్నాయని నిర్ధారించుకున్న తరువాతే. గుండెజబ్బు వచ్చినవారికి, కుటుంబంలో చిన్న వయసులో గుండెపోటులు ఉన్నవారికి మధ్యధరా శైలిని మించిన ఆధారం మరొకదానికి లేదు. ఆలివ్ నూనె దొరకనిచోట ఇతర అసంతృప్త నూనెలూ గింజలూ పప్పులూ ఆ కూర్పుకు దగ్గరగా వస్తాయి. ఎల్‌డీఎల్ మాత్రమే సమస్య అయినవారు పోర్ట్‌ఫోలియోలోని నాలుగింటిలో తమకు వీలైన రెండింటిని చేర్చుకున్నా ఫలితం ఉంటుంది.

మధుమేహానికి ముందు దశలో ఉండి బరువు ఎక్కువగా ఉన్నవారు పేరు కంటే తాము తప్పకుండా పాటించగల పద్ధతిని ఎంచుకుని 7 శాతం బరువు తగ్గడంపైన దృష్టి పెట్టాలి. పిండిపదార్థాలు తగ్గించడం వారికి సులభమనిపిస్తే అదే చేయవచ్చు, వాటి స్థానంలో మాంసం, వెన్నల కంటే పప్పులు, గింజలు, చేపలు ఉండేలా చూసుకుంటే చాలు. ఇన్సులిన్ గాని, ఇన్సులిన్ స్రావాన్ని పెంచే సల్ఫోనైల్‌యూరియా రకం మాత్రలు గాని వాడేవారు పిండిపదార్థాలు ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చక్కెరను మూత్రంలోకి పంపే గ్లిఫ్లోజిన్ రకం మధుమేహ మందులు వాడేవారికి, పిండిపదార్థాలను దాదాపు పూర్తిగా మానివేసే కీటో ఆహారం వల్ల రక్తం ఆమ్లీకరణ చెందే ముప్పు ఉంది. అందువల్ల మందుల మోతాదు మార్చే వైద్యుడితో ముందుగా మాట్లాడకుండా ఈ మార్గంలో అడుగు పెట్టకూడదు.

వయసు పైబడినవారి సంగతి వేరు. ఆకలి తగ్గి, కండరాలు క్షీణిస్తున్న దశలో బరువు తగ్గించే ఏ పద్ధతీ వారికి నేరుగా నప్పదు. మూత్రపిండాలు ఆరోగ్యంగా ఉంటే కిలో శరీర బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు అందాలని వృద్ధుల పోషణపై పనిచేసే నిపుణులు చెబుతున్నారు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలను హఠాత్తుగా పెంచకుండా రోజూ ఒకే మోతాదులో తినాలి, ఎందుకంటే వాటిలోని కె విటమిన్ ఆ మందు ప్రభావాన్ని తగ్గిస్తుంది.

ఎంపిక పని చేస్తున్నదో లేదో తెలుసుకోవడం

ఎంచుకున్న పద్ధతిని నమ్మకంపై వదిలివేయకుండా కొలిచి చూడాలి. రక్తపోటు రెండు వారాల్లోనే స్పందిస్తుంది కనుక ఇంట్లో ఉదయం, సాయంత్రం ఒకే వేళకు కొలిచి రాసుకుంటే నెల తిరిగేసరికి స్పష్టత వస్తుంది. ఎల్‌డీఎల్‌లో మార్పు ఆరు వారాల నుంచి మూడు నెలల్లో కనిపిస్తుంది. ఎర్ర రక్తకణాలు సుమారు 120 రోజులు జీవిస్తాయి కనుక హెచ్‌బీఏ1సీని మూడు నెలలకు ముందు మళ్లీ పరీక్షిస్తే పాత అలవాట్ల నీడ అందులో ఇంకా ఉంటుంది. మూడు నెలల తరువాత కూడా అంకె కదలకపోతే పద్ధతిని వెంటనే మార్చవద్దు. ముందుగా ఒక వారం పాటు తిన్నదంతా రాసి, మానివేశామనుకున్నదాని స్థానంలోకి ఏమి వచ్చిందో పరిశీలించాలి. అక్కడ శుద్ధి చేసిన పిండి, తీపి పానీయం, పొట్లాల చిరుతిండి కనిపిస్తే సరిచేయవలసినది అదే. అవేవీ లేకుండా, పాటించవలసినదంతా పాటించినా ఫలితం రాకపోతే లోపం మీలో ఉన్నదని కుంగిపోనక్కరలేదు. వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉండేవారికి ఆహారం ఒక్కటే ఎన్నడూ చాలదు, అటువంటివారు మందును ఆలస్యం చేయకుండా మొదలుపెట్టి ఆహారాన్ని దానికి తోడుగా కొనసాగించాలి.